శాఖా గ్రంథాలయానికి ముందు కావలసింది కుర్చీలా, గ్రంథపాలకుడా?

కాలువగట్టు:
మా పట్టణంలోని శాఖా గ్రంథాలయంలో కథలు, నవలలు, పిల్లల పుస్తకాలు ఉన్న బీరువాలను వెనక గదిలోకి చేర్చి, ఆ స్థలంలో పోటీ పరీక్షల అభ్యర్థులకు బల్లలు వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. గ్రంథపాలకుడు పదవీ విరమణ చేశాక ఆ స్థానంలో ఎవరినీ నియమించలేదు. పక్క మండలం నుంచి ఒకరు వారానికి రెండు రోజులు వచ్చి పుస్తకాలు ఇచ్చి వెళ్తున్నారు. మిగతా రోజుల్లో అటెండరే తాళం తీస్తారు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నవాళ్లం ముందుగా గ్రంథపాలకుడినే అడగాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

గ్రూప్స్ అభ్యర్థి:
నేను ఆ ప్రతిపాదనను సమర్థిస్తున్నాను. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి, పొద్దస్తమానం అక్కడ కూర్చునేది మా వంటివారే. ఒకే అద్దె గదిలో నలుగురం ఉంటున్నాం. ప్రైవేటు స్టడీ హాలుకు నెలనెలా కట్టే స్తోమత లేదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని నవలల కోసం మమ్మల్ని మెట్ల మీద కూర్చోమనడం న్యాయం కాదు. సిలబస్, పాత ప్రశ్నపత్రాలు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కనుక, గ్రంథపాలకుడు ఉంటే మాకు ఒరిగేదేమిటో తెలియడం లేదు.

విశ్రాంత గ్రంథపాలకుడు:
మీరు మెట్ల మీద కూర్చోవలసిన పరిస్థితి రాకూడదు బాబూ, ఆ విషయంలో నేను మీ పక్షమే. అయితే గ్రంథపాలకుడి వల్ల ఏం ఒరుగుతుందని అడిగారు కనుక, నా ఉద్యోగకాలంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. మగ్గం నేసే కుటుంబానికి చెందిన ఒక కుర్రవాడు తెలుగు అకాడమీ వారి అర్థశాస్త్రం పుస్తకం ముందు పెట్టుకుని, మూడు రోజులు అదే పేజీ దగ్గర ఆగిపోవడం గమనించాను. దగ్గరికి వెళ్లి చూస్తే, అతని నోటుపుస్తకంలో 'ద్రవ్యోల్బణం', 'కోశ విధానం' అన్న మాటల పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకాలు ఉన్నాయి. పిల్లల బీరువాలోంచి పదో తరగతి సాంఘిక శాస్త్రం తీసి ఇచ్చి, ముందు ఇది చదవమన్నాను. వారం తిరిగేసరికి అతనే వచ్చి మళ్లీ పెద్ద పుస్తకం అడిగాడు. మీరు వెనక గదిలోకి పంపమంటున్న బీరువాల్లో అటువంటిదీ ఉంటుంది.

ఎవరూ ముట్టడం లేదన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్య గారి వంటివారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నెలకొల్పిన నాటి నుంచీ పాఠకుణ్ణి వెతుక్కుంటూ వెళ్లడం మన గ్రంథాలయోద్యమానికి అలవాటు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల మీద పుస్తకాలను పడవలో ఊళ్లకు పంపారు. తీసి చేతికిచ్చే మనిషినే లేకుండా చేసి, నేరం పుస్తకం మీద మోపడం తగదు.

పాత సంచిక:
ఫోన్‌లో అన్నీ దొరుకుతాయన్నది పూర్తిగా నిజం కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద ఎన్నో తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కాని చాలా వాటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తోచినట్లు నమోదు చేయడం వల్ల, అక్కడే ఉన్న పుస్తకం కూడా వెతికితే కనబడదు. సూచీకరణ, అంటే పుస్తకాల వివరాలను వెతకడానికి వీలుగా నమోదు చేయడం, తెలిసినవారు పూనుకోవలసిన పని అది. నేను పాత పత్రికల కోసం 1918లో నెలకొల్పిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి వెళ్లినప్పుడు, ఏ సంపుటం ఎక్కడుందో తెలిసినవారు ఉండబట్టే నా పని ఒక్క పూటలో అయింది.

గ్రూప్స్ అభ్యర్థి:
పెద్దాయన చెప్పింది కాదనలేను. నాకూ అర్థశాస్త్రం దగ్గరే చిక్కు వస్తోంది. కాని నియామకానికి ఏళ్లు పడుతుంది, మా పరీక్ష అంతవరకు ఆగదు. కుర్చీలు ఇప్పుడే కావాలన్న మాట మీదే ఉన్నాను.

కాలువగట్టు:
అయితే కుర్చీలు వరండాలో వేయించి, పిల్లల బీరువాను కదల్చవద్దని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి వినతిపత్రం రాస్తాను. మా పురపాలక సంఘం ఎంత సెస్సు వసూలు చేసింది, అందులో సంస్థకు ఎంత జమ చేసింది అని సమాచార హక్కు చట్టం కింద మరో దరఖాస్తు పెడతాను. అభ్యర్థి గారూ, రెండింటి మీదా మీ సంతకం కావాలి.