వెనక టైర్లకు రీబటన్ (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు) వేయించాలా, కొత్తవే కొనాలా? షాపువాడు టైరు పాడుచేస్తే ఏం చేయాలి?

పల్నాడు పది టైర్లు:
అందరికీ నమస్కారం. నాది పది టైర్ల లారీ, ఓనరూ డ్రైవరూ నేనే. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల వైపు సిమెంటు లోడ్లు ఎక్కువ. టైర్లు 10.00 ఆర్20, ట్యూబు రేడియల్స్. వెనక ఒక యాక్సిల్ టైర్లు నాలుగూ మార్చాలి. కేసింగ్, అంటే పై రబ్బరు కాక మిగిలే టైరు ఒళ్లు, గట్టిగా ఉంటే రీబటన్ వేయించమని మా నాన్న అంటున్నాడు. తోటి ఓనర్లు వద్దే వద్దంటున్నారు.

ఇందులో ఇంకో గొడవ ఉంది. పోయిన నెల లోపలి టైరు గాలి దిగిపోతే రోడ్డు పక్క షాపులో ఇచ్చాను. ట్యూబుకు ప్యాచ్ వేశాడు గానీ టైరు లోపల చెయ్యి పెట్టి చూడలేదు. గాలి కొట్టాక సుత్తితో టైరు మీద రెండు దెబ్బలు వేసి, చప్పుడు విని, సరిపోయిందన్నా అన్నాడు. గేజీ పెట్టమంటే చెడిపోయిందన్నాడు. మర్నాడు దాచేపల్లి దాటాక ఆ టైరు సైడ్‌వాల్ చీలి పేలింది, పక్క టైరు కూడా దెబ్బతింది. వెళ్లి అడిగితే ఓవర్‌లోడ్ వేశారంటూ చేతులు దులుపుకున్నాడు. ఆ ట్రిప్పు కాటా చీటీ నా దగ్గర ఉంది, లోడు పరిమితి లోపలే ఉంది. ఇప్పుడు ఏం చేయమంటారు?

ఎన్‌హెచ్65 సూర్యాపేట:
తమ్ముడూ, రీబటన్ జోలికి పోకు. హైదరాబాద్ నుంచి బెజవాడ దాకా రోడ్డు మీద పడి ఉండే రబ్బరు పట్టీలు చూడు. రాత్రిపూట వెనక బైకు మీద వచ్చేవాడికి అవి కనబడవు. ఆ పాపం మనకెందుకు? పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. రీబటన్‌కీ కొత్తదానికీ మధ్య ఉన్న తేడా ఆ మేరకు తగ్గినట్టే. బండి ఒక రోజు రోడ్డు మీద ఆగిపోతే, కిస్తీ, డ్రైవర్ బత్తా, పోయిన లోడు అన్నీ కలిపి చూసుకో. రీబటన్‌లో మిగిలింది అక్కడే పోతుంది.

బెజవాడ ఆటోనగర్:
సూర్యాపేట అన్నా, రోడ్డు మీద పట్టీలు నేనూ రోజూ చూస్తాను. కానీ అవన్నీ రీబటన్‌వే అనుకోవద్దు. పట్టీ తీసి అంచు చూడండి. చాలావాటికి ఉక్కు తీగలు వేలాడుతుంటాయి, అంటే పై రబ్బరు దాని కింద ఉండే ఉక్కు బెల్టుతో సహా ఊడిందన్నమాట. గాలి తక్కువగా ఉంటే టైరు ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతుంది, వేడెక్కుతుంది, లోపలి పొరల పట్టు వదిలేస్తుంది. కొత్త టైరైనా అంతే. ఆర్టీసీ వాళ్లు సొంత షాపుల్లో బస్సు టైర్లకు రీట్రెడింగ్, అంటే ఈ రీబటనే, ఎన్నో ఏళ్లుగా చేసుకుంటున్నారు. అంతమంది జనాన్ని ఎక్కించుకునే సంస్థ ఊరికే ఆ పని చేయదు.

అసలు విషయం లెక్కలో ఉంది. 2018 జూలైలో కేంద్రం ఎనిమిది టైర్ల టాండెమ్ యాక్సిల్ (వెనక పక్కపక్కనే ఉండే రెండు యాక్సిళ్లు) బరువు పరిమితిని 19 టన్నుల నుంచి 21 టన్నులకు పెంచింది. ఎనిమిదితో భాగిస్తే ఒక్కో టైరు మీద 2,625 కిలోలు. ఇప్పుడు నీ టైరు సైడ్‌వాల్ చూడు తమ్ముడూ. 16 ప్లై రేడియల్ అయితే మామూలుగా 146/143 అని ఉంటుంది. రెండో అంకె జంటగా వేసినప్పటిది, 143 అంటే 2,725 కిలోలు. పూర్తి లోడులో మిగిలేది నూరు కిలోలే, అదీ గాలి పూర్తిగా ఉంటేనే. లోపలి టైరు గాలి దిగితే దాని బరువు మొత్తం పక్కదాని మీద పడుతుంది. 2,725 మోయాల్సిన టైరు ఐదు టన్నులు దాటి మోస్తుంది. అందుకే చట్టప్రకారం లోడు వేసినా నీ టైరు పేలొచ్చు. చప్పుడు విని గాలి చెప్పే షాపుకి బండి ఇస్తే కొత్తవి వేసినా ఇదే గతి.

నీ టైరు సైడ్‌వాల్ చీలింది కదా, నిలువుగా ఉండే ఉక్కు తీగలు వరసగా తెగి, జిప్పు తెరిచినట్టు కనబడుతున్నాయా? అలా ఉంటే గాలి లేకుండా నడిచి తీగలు అలిసిపోయిన టైరది. గాలి 110 పీఎస్ఐ పెట్టాల్సిన చోట 88 కంటే తక్కువతో నడిచిన టైరుని విప్పి, లోపల సైడ్‌వాల్ చేత్తో తడిమి చూడకుండా మళ్లీ గాలి కొట్టకూడదు. లోపలి గోడ మీద మడత గీతలు, నల్లగా పొడి రాలడం, రంగు మారడం ఉంటే ఆ టైరు పని అయిపోయినట్టే. నీ షాపువాడు చూడాల్సింది అదే, చూడనిదీ అదే.

రీబటన్ మాటకొస్తే నా పద్ధతి ఇది. ముందు చక్రాలకు ఎప్పుడూ కొత్తవే, అందులో బేరం లేదు. వెనకకి రీబటన్ వేయిస్తాను, అయితే నా బండిలో మొదటి నుంచీ తిరిగిన కేసింగ్‌కే. దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు కాబట్టి. బయట దొరికే రెడీమేడ్ రీబటన్ టైరు ముట్టుకోను. అది ఎవరి బండిలో గాలి లేకుండా ఎంత దూరం నడిచిందో ఎవరికి తెలుసు? టైరు మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడు చివర నాలుగంకెలుంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. బాగా పాతబడ్డ కేసింగ్ పైకి ఎంత బాగున్నా ఇవ్వను. బాగా అరగదీసి, తీగ కనబడేదాకా నడిపి తీసుకెళ్తే అప్పటికే లోపలికి నీళ్లు చేరి తుప్పు పట్టి ఉంటుంది. ఇంకో మాట, పేలిన టైరు పక్కది బాగున్నట్టు కనిపించినా దానికి రీబటన్ వేయించకు. ఆ కాసేపట్లో ఎంత మోసిందో పైన చెప్పాను.

ఎన్‌హెచ్65 సూర్యాపేట:
లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మీరు ఆటోనగర్‌లో ఉన్నారు, టైరు విప్పించి చూసుకునే వీలుంది. లోడు కోసం ఊళ్లు తిరిగే ఓనర్‌కి కేసింగ్ చరిత్ర ఎవరు రాసిపెడతారు? ఇంకో మోసం కూడా ఉంది. అరిగిపోయిన టైరుకి వేడి బ్లేడుతో గాళ్లు కోసి, నల్ల రంగు పూసి, హాఫ్ టైరని అమ్ముతున్నారు. కోసిన కొద్దీ తీగ మీద రబ్బరు పల్చబడుతుంది. గాడి అడుగున అరుగుదల గుర్తు ఒకటి ఉంటుంది, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. అది ఎక్కడా కనబడకుండా గాడి మాత్రం లోతుగా ఉందంటే కోసిన టైరని అనుమానించాలి. కొత్తది కొంటే బిల్లు, కంపెనీ క్లెయిము ఉంటాయి.

ఒంగోలు పంక్చర్ షాపు:
అన్నలూ, మా వైపు మాట కూడా వినండి. చీమకుర్తి గ్రానైట్ బళ్లు మా దగ్గరికే వస్తాయి. పని సరిగ్గా చేయని షాపులున్నాయి, వాళ్లని వెనకేసుకురాను. గేజీ లేని షాపులో ఎవరూ గాలి కొట్టించుకోవద్దు. కానీ టైరు విప్పి లోపల చూస్తానంటే సగం మంది డ్రైవర్లు టైం లేదంటారు. ఫ్లాపు (ట్యూబుకీ రిమ్ముకీ మధ్య వేసే రబ్బరు పట్టీ) పాతబడింది మార్చమంటే ఈ ట్రిప్పుకి నడిపించెయ్ అంటారు.

మేము చేసే పని ఎంత ప్రమాదమో చాలామందికి తెలియదు. ట్యూబు టైరు రిమ్ముకి టైరుని పట్టి ఉంచే ఇనప లాక్ రింగు ఉంటుంది. తుప్పు పట్టిన రింగు గాడిలో సరిగ్గా కూర్చోకపోతే గాలి కొట్టేటప్పుడు ఎగిరి వచ్చి మనిషిని చంపేస్తుంది. మా లైన్లో పోయినవాళ్లున్నారు. అందుకే చెబుతున్నా: రింగు మీద సుత్తితో కొడుతూ గాలి ఎక్కించే షాపు కనబడితే బండి అక్కడ ఆపొద్దు. వాడికీ మంచిది కాదు, పక్కన నిలబడే మీకూ మంచిది కాదు.

నట్ల సంగతి కూడా చూసుకోండి. ఇంపాక్ట్ గన్‌తో బిగించి పంపేస్తే కొన్ని అతిగా బిగుస్తాయి, కొన్ని వదులుగానే ఉంటాయి. ఎదురెదురు నట్లు వరసగా బిగించాలి. టైరు మార్చాక యాభై నుంచి నూరు కిలోమీటర్ల లోపల ఆపి మళ్లీ పానా వేసి చూడాలి. కొన్ని పాత బళ్లకి ఎడమ పక్క మర తిరగేసి ఉంటుంది, కొత్త కుర్రాళ్లు అది తెలియక స్టడ్డులు విరగ్గొడతారు.

గుంటూరు వకీలు:
పల్నాడు అన్నగారూ, మీకు దారి ఉంది. వ్యాపారం కోసం చేయించుకున్న పనికి వినియోగదారుడు కాడని షాపువాళ్లు వాదిస్తారు. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్న వస్తువులు వాడుకునేవాళ్లని ఆ మినహాయింపు నుంచి తప్పించింది; ఆ మాట వస్తువుల గురించే ఉంది కాబట్టి, చేయించుకున్న పనికీ వర్తిస్తుందని వాదించాలి. ఒకే బండి, మీరే నడుపుతున్నారు కాబట్టి మీరు ఆ వాదన వినిపించొచ్చు. పది బళ్ల ఓనర్‌కి ఇంత సులువు కాదు. మీరున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, షాపు ఊరికి తిరగనక్కర్లేదు. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది.

చీలిన టైరుని మాత్రం తుక్కు కింద అమ్మకండి. అదే మీ సాక్ష్యం. దాని నంబరు, లోపలి గోడ ఫొటోలు, కాటా చీటీ, షాపుకి డబ్బు పంపిన ఫోన్ రసీదు భద్రంగా పెట్టండి. ఇకముందు బండి నంబరు వేసిన బిల్లు లేకుండా డబ్బు ఇవ్వకండి.

పల్నాడు పది టైర్లు:
ఆటోనగర్ అన్నా, ఇప్పుడే టార్చి వేసి చూశాను. మీరు చెప్పినట్టే తీగలు వరసగా తెగి ఉన్నాయి, లోపల నల్ల పొడి కూడా ఉంది. ఫోన్ రసీదు దొరికింది, బిల్లు లేదు. 1915కి రేపు చేస్తాను. టైర్ల విషయంలో, పాడైన జంట చోట రెండు కొత్తవి వేసి, ఎడమ పక్క జంటని విప్పించి చూపించి, పనికొస్తే రీబటన్‌కి ఇద్దామనుకుంటున్నాను.

ఎన్‌హెచ్65 సూర్యాపేట:
నేనైతే ఇప్పటికీ నాలుగూ కొత్తవే అంటాను. ఒకే యాక్సిల్‌కి ఒక పక్క ఎత్తు, ఒక పక్క పొట్టి టైర్లు పడితే డిఫరెన్షియల్ (మలుపులో రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) తిన్నటి రోడ్డు మీద కూడా పని చేస్తూనే ఉంటుంది.

బెజవాడ ఆటోనగర్:
ఆ భయం నిజమే, అందుకే టేపుతో చుట్టుకొలత కొలిచి వేయాలి. జంటలో రెండిటి మధ్య అయితే వ్యాసం తేడా 12 మిల్లీమీటర్లు దాటనివ్వకు, లేదంటే ఎత్తుది ఒక్కటే మోస్తుంది. రీబటన్ వచ్చాక కొలతలు ఇక్కడ పెట్టు తమ్ముడూ, చూసి చెబుతాను.

పల్నాడు పది టైర్లు:
పెడతాను అన్నా. ఒంగోలు తమ్ముడూ, మీ షాపులో గాలి కొట్టేటప్పుడు టైరుని దేనిలో పెడతారు?

ఒంగోలు పంక్చర్ షాపు:
లావు ఇనప పైపులతో వెల్డింగ్ చేయించిన పంజరంలో. హోసు పొడవుగా పెట్టుకుని, వాల్వుకి క్లిప్పు తగిలించి, గేజీ చేతిలో పట్టుకుని పక్కకి జరిగి నిలబడతాం. ఒంగోలు వైపు లోడు పడితే రండి అన్నా, మీ ఎడమ జంట విప్పి నేనే చూపిస్తాను.