అరచేతిలో ఇమిడే చివావా కుక్కపిల్లలను పుట్టించి అమ్మడం న్యాయమేనా?

సుబేదారి వాసి (చర్చ ప్రారంభించినవారు):

మా బిడ్డకు ఈ మధ్యనే పదమూడేళ్ళు నిండాయి. ఏడాదిగా ఆమె అడుగుతున్నది ఒక్కటే, ‘టీకప్ చివావా’ కావాలని. హైదరాబాద్‌లోని ఒక అమ్మకందారు వీడియో కాల్‌లో చూపించిన పిల్ల నిజంగానే అతని అరచేతిలో ఇమిడిపోయింది. దాని వయసు రెండు నెలలనీ, బరువు 380 గ్రాములనీ, ఎంత పెరిగినా కిలో దాటదనీ, ధర డెబ్బై అయిదు వేలనీ చెప్పాడు. అదే ఈతలో పుట్టిన, దానికన్నా కొంచెం పెద్దదైన తోబుట్టువు మాత్రం ముప్పై వేలకే వస్తుందట.

నేను ఎనుమాముల మార్కెట్‌లో ఇరవై ఏళ్ళుగా మిర్చి వ్యాపారం చేస్తున్నవాణ్ణి. కాంటా మీద బరువు పెరిగితే పైసలు పెరుగుతాయి. బరువు తగ్గేకొద్దీ ధర పెరిగే సరుకును నేనింతవరకు చూడలేదు. నాకు అనుమానం అక్కడే మొదలైంది. పిల్ల ఎంత బక్కగా ఉంటే అంత లాభమైనప్పుడు, దానికి కడుపునిండా పెట్టాలని అమ్మేవాడికి ఎందుకు అనిపిస్తుంది? ఇంత చిన్న ప్రాణిని కావాలని పుట్టించి, ఆ చిన్నతనానికే ధర కట్టడం తప్పా, లేక నేనే అతిగా ఆలోచిస్తున్నానా? తెలిసినవారు చెప్పగలరు.

కరీంనగర్ కెన్నెల్:

నేను పన్నెండేళ్ళుగా చివావాలను, పగ్‌లను పెంచుతున్నాను కాబట్టి నన్ను నిందితుల వరుసలో నిలబెట్టినా అభ్యంతరం లేదు. ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి: టీకప్ అనేది జాతి కాదు, అమ్మకపు పేరు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశావళి పత్రంలో చివావా అనే ఉంటుంది తప్ప టీకప్ అని ఉండదు. కెన్నెల్ క్లబ్‌ల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఎఫ్‌సీఐ ప్రమాణం ప్రకారం ఈ జాతికి తగిన బరువు ఒకటిన్నర నుంచి మూడు కిలోలు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆరు పౌండ్లు (సుమారు 2.7 కిలోలు) మించరాదని పై హద్దు మాత్రం పెట్టి, కింది హద్దు పెట్టకుండా వదిలేసింది. ఆ వదిలేసిన చోటే ఈ బేరమంతా నడుస్తున్నది.

అయితే చిన్న పిల్ల పుట్టిందంటే ఎవరో పాపం చేశారని అర్థం కాదు. మూడు పిల్లల ఈతలో ఒకటి మిగతావాటికన్నా బాగా చిన్నగా పుట్టడం నా దగ్గర కూడా జరిగింది. దాన్ని నేనేం చేయాలి? బాగా చూసుకునే కుటుంబానికి ఇవ్వడం తప్పెలా అవుతుంది? రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ల్యాబ్రడార్‌ను కట్టేసి ఉంచేవారితో పోలిస్తే, చివావాను ఒడిలో పెట్టుకుని పెంచేవారు ఎక్కువ క్రూరులని నేను ఒప్పుకోను.

పశువైద్యురాలు, మామునూరు:

ఇక్కడి పశువైద్య కళాశాలలో చదువుకుని, ఇప్పుడు హనుమకొండలో ప్రాక్టీస్ చేస్తున్నాను. చిన్నగా ఉండటమే రోగం కాదన్నది నిజమే. కుక్కల పరిమాణాన్ని నిర్ణయించడంలో ఐజీఎఫ్-1 అనే జన్యువుకు ప్రధాన పాత్ర ఉందని 2007లో తేలింది. చిన్న శరీరాన్నిచ్చే ఆ జన్యు రూపాంతరం యాభై వేల ఏళ్ళకు పూర్వపు తోడేలులో కూడా ఉన్నట్టు 2022లో బయటపడింది. అంటే చిన్న కుక్క అనే అవకాశం మనిషి కల్పించింది కాదు. రెండు కిలోల ఆరోగ్యమైన చివావా పద్నాలుగు, పదిహేనేళ్ళు హాయిగా బతకడం అరుదేమీ కాదు. చిక్కంతా ఆ రెండు కిలోలను కిలోకు, కిలోను అరకిలోకు దించాలన్న పోటీతోనే.

శరీరం ఎంత చిన్నదైతే కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే చక్కెర అంత తక్కువ. నాలుగు వందల గ్రాముల పిల్ల నాలుగు గంటలు తినకపోతే రక్తంలో గ్లూకోజ్ పడిపోయి, ముందు మత్తుగా పడుకుని, తర్వాత తూలి, చివరికి ఫిట్స్ వచ్చి, యజమాని ఆటో పిలిచేలోపే చనిపోవచ్చు. ఇలాంటి పిల్ల ఉన్న ఇంట్లో తేనె సీసా చేతికందేలా ఉండాలని, మత్తుగా కనిపిస్తే చిగుళ్ళకు రాసి వెంటనే ఆసుపత్రికి రావాలని చెబుతుంటాను. మాడు పూడకపోవడం మరొకటి. పసిబిడ్డకైతే ఏడాదిన్నర, రెండేళ్ళలో పూడుతుంది. చివావాల్లో కొన్నింటికి జీవితాంతం పూడదు. పూడనంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు కానీ, మంచం మీది నుంచి దూకినప్పుడు అక్కడ ఎముక అడ్డం ఉండదు. మెదడులో నీరు చేరడం కూడా ఈ జాతిలో మిగతా జాతులకన్నా ఎక్కువ. మోకాలి చిప్ప జారడం, శ్వాసనాళం నొక్కుకుపోయి బాతు అరిచినట్టు దగ్గడం, ఇరుకు దవడలో పాలపళ్ళు ఊడకుండానే కొత్త పళ్ళు మొలవడం మామూలే. ఆ పళ్ళు తీయాలంటే మత్తు ఇవ్వాలి. అంత చిన్న శరీరానికి మత్తు ఇవ్వడమంటే నాకు ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. చిన్న ఒంట్లో వేడి నిలవదు కాబట్టి డిసెంబర్ రాత్రి చలి దాన్ని కుంగదీస్తుంది. మే నెలలో ఉష్ణోగ్రత నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీలకు చేరినప్పుడు కరెంటు పోతే నీరు ఆరిపోయి అంతే తొందరగా నీరసిస్తుంది.

సుబేదారి వాసి గారికి ఒక సూచన. ఆ పిల్ల నోరు తెరిపించి ఫొటో పంపమనండి. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పాలపళ్ళు మొలవడం మొదలై, సుమారు ఎనిమిది వారాలకు ఇరవై ఎనిమిదీ వస్తాయి. చిన్న జాతుల్లో కొంత ఆలస్యం కావచ్చు. అయినా ముందు పళ్ళే సరిగా కనిపించకపోతే, మీకు చూపించింది రెండు నెలల టీకప్ కాదు, తల్లి పాలు మానని నెల పిల్ల. వయసు పెంచి చెబితే ప్రతి పిల్లా టీకప్పే అవుతుంది.

గోదావరిఖని నివాసి:

డాక్టరమ్మ చెప్పినవన్నీ నిజమే కావచ్చు కానీ, నా దగ్గర కిలో వంద గ్రాముల చివావా ఆరేళ్ళుగా ఉంది. రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెడతాం, సోఫాకు చిన్న మెట్లు చేయించాం, మెడకు పట్టీ కట్టకుండా ఛాతీకి కట్టే హార్నెస్ వాడతాం. సింగరేణిలో షిఫ్టు దిగి నేను ఇంటికి వచ్చేసరికి అది గేటు దగ్గర చేసే హంగామా చూస్తే, ఈ ప్రాణి పుట్టకుండా ఉంటే బాగుండేదని ఎవరూ అనలేరు. అతి పొట్టి కుక్కగా గిన్నిస్ రికార్డు ఉన్న పెర్ల్ అనే చివావా ఎత్తు 9.14 సెంటీమీటర్లు, బరువు 553 గ్రాములు. దాన్ని పెంచుతున్నవారు హింసిస్తున్నారని అందామా? చూసుకునే శక్తి ఉన్నవారికి కూడా వద్దనడం అన్యాయం.

కాజీపేట గృహిణి:

అన్నా, మీ కుక్క ఆరేళ్ళు బతికింది కాబట్టి మీరు ఇక్కడ రాయగలుగుతున్నారు. నాలాంటి వాళ్ళు సాధారణంగా రాయరు, సిగ్గుపడి ఊరుకుంటారు. రెండేళ్ళ కింద మేము తెచ్చిన పిల్ల పదకొండో రోజు తెల్లవారుజామున చనిపోయింది. తొమ్మిది వారాలదని చెప్పి, బస్సు పార్సిల్‌లో చెప్పుల డబ్బా అంత పెట్టెలో పంపించారు. అన్నం ముట్టలేదు, పాలు మాత్రం నాకింది. మాకు తెలియక పగలు నాలుగుసార్లు పెట్టి రాత్రి పడుకునేవాళ్ళం. అమ్మినతనికి ఫోన్ చేస్తే, మీరే సరిగా చూసుకోలేదని అన్నాడు. ఆ మాట నేను చాలా రోజులు నమ్మాను కూడా. తర్వాత మా పశువుల డాక్టర్ గారు, అది ఆరు వారాలదైనా ఉంటుందా అని అనుమానపడ్డారు.

చూసుకునే శక్తి అంటున్నారు కదా, రాత్రి మూడు గంటలకు లేచి తినిపిస్తేనే బతికే ప్రాణిని ‘అపార్ట్‌మెంట్‌కు అనుకూలం, పెద్దగా పని ఉండదు’ అని అమ్మడం ఏ శక్తిని నమ్ముకుని?

వరంగల్ న్యాయవాది:

చట్టం ఏమంటుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. జంతు హింస నిరోధక చట్టం, 1960 కింద కేంద్రం 2017లో కుక్కల పెంపకం, విక్రయాల నియమాలను తెచ్చింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాకే క్రాసింగ్ చేయించాలి, ఏడాదికి ఒక ఈతకు మించరాదు, జీవితకాలంలో అయిదు ఈతలు దాటరాదు. కాజీపేట సోదరి విషయంలో వయసు ఆరు వారాలే అయితే అది దురదృష్టం కాదు, నియమోల్లంఘన.

కానీ ఈ నియమాలు వయసునూ ఈతలనూ లెక్కపెట్టాయే గాని, ఇంత బరువుకు దించి పుట్టించరాదని ఎక్కడా అనలేదు. ఇక మూల చట్టంలోని 11వ సెక్షన్ కింద హింస రుజువైతే మొదటి నేరానికి విధించే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. 1960 నాటి యాభై రూపాయలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. డెబ్బై అయిదు వేల బేరం ముందు ఆ అంకె ఎవరిని భయపెడుతుంది? కాబట్టి చట్టం ఉందని నిశ్చింతగా ఉండటానికి లేదు. జర్మనీ జంతు సంరక్షణ చట్టం, పుట్టబోయే పిల్లకు వంశపారంపర్యంగా బాధ కలుగుతుందని ముందే తెలిసినప్పుడు ఆ పెంపకాన్నే నిషేధిస్తుంది. నార్వే సుప్రీంకోర్టు 2023లో కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతి పెంపకాన్ని ఈ తర్కంతోనే చట్టవిరుద్ధమన్నది. మన దగ్గర పుట్టిన తర్వాతి హింస గురించే మాట ఉంది, పుట్టించడం గురించి లేదు.

కరీంనగర్ కెన్నెల్:

న్యాయవాది గారు నార్వే దాకా వెళ్ళారు కాబట్టి నేను మన ఊళ్ళోనే ఒక ప్రశ్న అడుగుతాను. ఆరు వారాల్లో రెండు కిలోలు పెరిగేలా తయారుచేసిన బ్రాయిలర్ కోడి తన బరువును తన కాళ్ళ మీద మోయలేక కూలబడుతుంది. ఆదివారం నాడు ఆ కోడికూర తిని, సోమవారం నాడు చివావా గురించి నీతులు చెప్పడం నాకు అర్థం కాదు.

అయినా నిజం దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. ఈ చర్చలో అందరూ పిల్ల గురించే మాట్లాడారు, తల్లి గురించి ఎవరూ అడగలేదు. కిలో బరువున్న ఆడ చివావాకు సహజంగా ఈనడం సాధారణంగా సాధ్యం కాదు. పిల్ల తల పెద్దది, తల్లి కటి చిన్నది, పెద్దాపరేషన్ తప్పదు. అందుకే టీకప్ వ్యాపారంలో మూడు కిలోల ఆడకుక్కను అతి చిన్న మగకుక్కతో క్రాసింగ్ చేయిస్తారు. కొనేవారికి చూపించేది ఆ చిన్న తండ్రిని. తల్లి వెనక షెడ్డులో ఉంటుంది. ఏడాదికి ఒక్క ఈతకే ఆగేవారు ఎంతమందో మా వృత్తిలో ఉన్నవారికి తెలుసు. నేను ఇప్పుడు కిలోన్నరకు తక్కువ ఉన్న ఏ కుక్కనూ, ఆడదైనా మగదైనా, క్రాసింగ్‌కు వాడటం లేదు. ఈతలో చిన్నది పుడితే మిగతావాటికి తీసుకునే ధరకే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలన్న షరతుతో ఇస్తున్నాను. పుట్టిన చిన్నదాన్ని సాకడం వేరు, చిన్నదాని కోసమే పుట్టించడం వేరు. నన్ను ఆ రెండోవారిలో కలపవద్దు.

పశువైద్యురాలు, మామునూరు:

బ్రాయిలర్ ప్రశ్న నన్ను నిజంగానే ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. నేను కోడి తింటాను. కానీ కోడి విషయంలో నా తప్పు, చివావా విషయంలో జరిగే తప్పును ఒప్పు చేయదు. మీ షరతు మాత్రం నాకు నచ్చింది. చిన్నదానికి ఎక్కువ ధర తీసుకోకపోతే ఈ పోటీ సగం అక్కడే చచ్చిపోతుంది.

గోదావరిఖని సోదరుడికి: మీ కుక్కను మీరు బాగా చూసుకుంటున్నారు, అందులో సందేహం లేదు. దాని తల్లిని మీరెప్పుడైనా చూశారా?

గోదావరిఖని నివాసి:

చూడలేదు. అడగాలని కూడా అప్పుడు తోచలేదు.

సుబేదారి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ అమ్మకందారును మూడు అడిగాను: పిల్ల పళ్ళ ఫొటో, తల్లి వీడియో, నమోదు పత్రం. “మీరు కొనేది పిల్లను కదా సార్, తల్లితో మీకేం పని” అని, కాసేపటికి ధర యాభై అయిదు వేలకు తగ్గించాడు. నేను ధర తగ్గించమని అడగలేదు. బిడ్డ పక్కనే కూర్చుని విన్నది. ఆ ఫోన్ పెట్టేశాక, మరి ఆ పిల్లను ఇప్పుడెవరు కొంటారని అడిగింది. ఎవరో ఒకరు కొంటారని చెప్పాను, అది ఆమెకు నచ్చలేదు.

వచ్చే ఆదివారం కరీంనగర్ వెళ్ళి, కెన్నెల్ వారు ఒప్పుకుంటే తల్లులను చూసి వస్తాం. ఇంట్లో మా ఆవిడ మాత్రం, మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కింద ఈనిన కుక్క పిల్లలు నాలుగు ఉన్నాయి, వాటిలో ఒకదానికి టీకాలు వేయించి తెచ్చుకుంటే సరిపోదా అంటున్నది. ఆ వాదన ఇంకా తేలలేదు.