‘అసంబద్ధత’ కాకపోతే మరేమనాలి?

ప్రశ్న: అతి సూక్ష్మమైన వాహకాలలో ఎలక్ట్రాన్ తరంగం క్వాంటమ్ సంబద్ధతను (coherence, అంటే తరంగపు పాయల మధ్య ఉండే నిలకడైన పొంతనను) కోల్పోవడాన్ని ఒక వ్యాసంలో ‘అసంబద్ధత’ అని రాశాను. పాఠ్యపుస్తకాలలో ‘సంబద్ధ జనకాలు’ అనే మాట ఉంది కనుక దానికి ‘అ’ చేర్చడం సబబే అనుకున్నాను. సభ్యులు ఏమంటారు?

సమాధానం: వ్యాకరణరీత్యా దోషం లేదు గానీ, ‘అసంబద్ధ ప్రలాపం’ వినివున్న పాఠకుడికి ఎలక్ట్రాన్ పొంతన లేకుండా మాట్లాడుతోందేమో అనిపిస్తుంది. పైగా ‘అ’ లేమిని చెబుతుందే తప్ప, ఉన్నది క్రమంగా తరిగిపోవడాన్ని చెప్పదు.

1985లో, ఒక మైక్రోమీటరుకు లోపు వ్యాసమున్న బంగారు వలయాన్ని పరమశూన్యానికి చేరువగా చల్లబరచి అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తూ పోగా, దాని విద్యున్నిరోధం ఒక లయలో హెచ్చుతూ తగ్గుతూ వచ్చింది. వలయపు రెండు పాయలలోనూ సాగిన ఎలక్ట్రాన్ తరంగం అవతలి కొసన తనతో తానే వ్యతికరణం చెందిందనడానికి, అంటే రెండు పాయల అలలు కలిసి ఒకసారి బలపడి, ఒకసారి బలహీనపడ్డాయనడానికి అది నిదర్శనం. విశేషమేమిటంటే, ఆ దారిలో ఎలక్ట్రాన్ లోహంలోని లోపాలకు ఎన్నోసార్లు తగులుతూనే ఉంటుంది. శక్తిని మార్చని ఆ తాకిడి తరంగదశను (అల తన ఎగుడుదిగుళ్లలో ఏ చోట ఉందన్నదాన్ని) జరుపుతుంది గానీ చెరపదు. సాటి ఎలక్ట్రాన్లతోనో, స్ఫటిక జాలకపు కంపనాలతోనో, స్పిన్‌ను (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే అయస్కాంత గుణాన్ని) తిప్పగల అయస్కాంత మలినంతోనో తగిలినప్పుడు మాత్రం ఏ పాయలో వచ్చిందన్న ఆచూకీ పరిసరాలలో మిగిలిపోతుంది, ఆ మేరకు వ్యతికరణం వెలిసిపోతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు 1998లో ఎలక్ట్రాన్ దారి పక్కనే ఒక శోధకాన్ని అమర్చి, దాని పసిగట్టే శక్తిని పెంచినకొద్దీ వ్యతికరణం పలచబడుతుందని చూపారు.

అందువల్ల ‘సంబద్ధతా నాశం’ నాకు నచ్చదు. ఆ సమాచారం నశించలేదు, పరిసరాలలోకి జారుకుంది. వాహకం పొడవు పెరిగేకొద్దీ సంబద్ధత తరుగుతూ పోతుంది కనుక ‘సంబద్ధతా క్షయం’ మేలని నా అభిప్రాయం. రోగం గుర్తొస్తుందని కొందరు నొచ్చుకోవచ్చు. చంద్రక్షయానికి నొచ్చుకోని వారు దీనికీ అలవాటు పడగలరు.

మరొకరు: ‘దశాభ్రంశం’ ఇంకా క్లుప్తంగా ఉంది కదా?

సమాధానం: క్లుప్తమే, కానీ భ్రంశమంటే ఉన్న చోటినుంచి జారడం. ఏ హానీ చేయని తాకిడి చేసేదీ అదే. దశ ఎంత జరిగినా, ఆ జరుగుదల మారకుండా ఉన్నంతవరకు వ్యతికరణం నిలిచే ఉంటుంది. మనకు కావలసిన మాట దశ జరగడాన్నీ, సంబద్ధత తరగడాన్నీ విడదీయాలి, ఇది కలిపేస్తుంది.