పేనుకొరుకుడు వచ్చిన పాపకి పూలజడ వేయొచ్చా? మీ అనుభవాలు చెప్పండి

తెనాలి_అమ్మ: మా పాప తొమ్మిదో తరగతి. పేనుకొరుకుడు వచ్చి తల వెనకాల రెండు చోట్ల రూపాయి బిళ్లంత జుట్టు పోయింది. డాక్టర్ ఇచ్చిన మందు వాడుతున్నాం. వచ్చే నెల మా చెల్లెలి పెళ్లి. ఎండాకాలం వస్తే మొగ్గల జడ వేసి, వెనకాల అద్దం పెట్టి స్టూడియోలో ఫోటో తీయించమని ప్రాణాలు తీసిన పిల్ల, ఇప్పుడు పెళ్లికే రానంటోంది. సవరం పెట్టి జడ వేస్తే హుషారు వస్తుందా?

సీత_నెల్లూరు: పేరుకే పేనుకొరుకుడు, పేలకీ దానికీ సంబంధం లేదు. మన రోగనిరోధక శక్తే జుట్టు కుదుళ్ల మీద పడుతుంది. అంటుకోదు కూడా. ఈ మాట పాప స్నేహితులకీ చెప్పండి. చుట్టాలు చెప్పే జిల్లేడుపాలు మాత్రం రాయకండి, చర్మం పొక్కుతుంది.

జడకుచ్చులు: పెళ్లిళ్లకి పూలజడలు కుడతానండీ. వేయొచ్చు, బరువే చూసుకోవాలి. అరటిదబ్బ మీద కుడితే బరువు ఎక్కువ. పల్చటి అట్టకి గుడ్డ చుట్టి దాని మీద కుట్టండి. జడగంటలు, బిళ్లలు మానేయండి. ముఖ్యంగా చెంపల దగ్గర బిగించి దువ్వొద్దు, రోజూ అలా లాగితే బాగున్న జుట్టు కూడా ఊడుతుంది.

భామవేషం: నేను కూచిపూడి నేర్చుకున్నాను. టైఫాయిడ్ తర్వాత నా జడ ఎలకతోకే. భామాకలాపంలో సత్యభామ తెర మీద నుంచి జడ ఇవతలికి వేసి, నన్ను మించినవాళ్లుంటే రండి అని సవాలు చేస్తుంది కదా. ఆ వేషం తరతరాలుగా కట్టింది మగవాళ్లు! వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పొగరున్న జడ కట్టుడు జడే. నాకూ సవరం కట్టి, పైన రాకిడి, నాగరం, సూర్యచంద్రులు లాంటి తల నగలు పెట్టేసరికి మెడ దానంతటదే నిటారుగా నిలబడేది. సవరం పెట్టుకోవడానికి సిగ్గెందుకు?

రింగులజుట్టు: వేదిక మీద సరే. ఇంట్లో మాత్రం 'బారెడు జడ ఉంటేనే ఆడపిల్ల' అన్న మాట విని విని విసిగిపోయాను. పెళ్లిచూపుల్లో జడ సొంతమేనా అని లాగి చూసిన పెద్దమ్మలు మాకూ ఉన్నారు. సంప్రదాయం పేరుతో పాప మీద ఇంకో బరువు పెట్టకండి. ముందు తననే అడగండి.

భామవేషం: అది నిజమే అక్కా. నాకు ఎవరూ బలవంతంగా కట్టలేదు, అందుకే నచ్చిందేమో.

తెనాలి_అమ్మ: అడిగాను. ఇవన్నీ తనూ చదివింది. సత్యభామ వేషం మగవాళ్లు కట్టారంటే వెంటనే వీడియోలు వెతుక్కుంది. సవరం వద్దట, స్కార్ఫ్ కట్టుకుని వస్తానంది. పిన్ని జడ మాత్రం తనే కుడుతుందట! నిన్న పాత అట్ట మీద కాగడామల్లెలతో ఒక వరస కుట్టి వాళ్ల నాన్నకి చూపించింది. ముహూర్తం తెల్లవారుజామున. ముందు రోజు కుడితే మొగ్గలు విచ్చుకోవా?

జడకుచ్చులు: పొద్దున్నే వచ్చే గట్టి మొగ్గలు కొనండి, మధ్యాహ్నం లోపు కుట్టేయండి. తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెడితే విచ్చుకోవు. ఫ్రీజర్‌లో పెట్టకండి, నల్లబడతాయి. మధ్యలో కనకాంబరాలు, మరువం వేయమనండి. సూది సన్నది ఇవ్వండి, మొగ్గని కాడ దగ్గర గుచ్చాలి.