తను లేవకముందే దీపం పెట్టేశారని నలభై నిమిషాలు ఏడ్చింది. ఇది మొండితనమా?

మధురవాడ అమ్మ:
మా పాపకి రెండేళ్ల ఎనిమిది నెలలు. సాయంత్రం దాని పద్ధతి రోజూ ఒకటే. నిద్ర లేస్తుంది, ముఖం కడిగించుకుంటుంది, వాళ్ల నాన్నమ్మ కుందులు రెండూ తుడిచి వత్తులు వేసేదాకా పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది, దీపం వెలగ్గానే గంట తనే కొడుతుంది. మొన్న శనివారం ఇంటికి చుట్టాలొచ్చారు. పిల్ల ఇంకా పడుకునే ఉంది, చీకటి పడుతోందని మా అత్తగారు దీపం పెట్టేశారు. అది లేచి వచ్చి చూసింది. అంతే, నేల మీద పడి "మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు" అని ఒకటే ఏడుపు. అంటే ఆర్పేసి మళ్లీ వెలిగించాలట. వెలిగే దీపాన్ని చేతులారా ఆర్పుతామా అని మా అత్తగారు. పోనీ గంట కొట్టమని చేతికిస్తే విసిరికొట్టింది. చుట్టాల ముందు నలభై నిమిషాలు, నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

ఇదొక్కటే కాదు. పాలు నీలం గ్లాసులోనే తాగాలి. చెప్పులు స్టాండులో కింది అరలోనే ఉండాలి, ఎవరైనా పై అరలో పెడితే తీసి కింద పెట్టి వస్తుంది. "ఆడింది ఆట, పాడింది పాటగా పెంచుతున్నారు" అంటారు మా అత్తగారు. ఇవన్నీ దాని ఇష్టప్రకారం జరగనివ్వాలా, లేక ఇప్పుడే కావాలని మార్చి మార్చి ఆ అలవాటు తప్పించాలా? ఇంట్లో రెండు పార్టీలైపోయాయి. మా ఆయన ఏ పార్టీలోనూ లేరు, ఫోన్ చూసుకుంటున్నారు.

డాబాగార్డెన్స్ తాతయ్య:
కోపం తెచ్చుకోకమ్మా, మీ అత్తగారి మాటే నా మాట. మేం ఐదుగురం అన్నదమ్ములం, ఎవరి గ్లాసు ఏదో మా అమ్మకే తెలీదు. ముందు దొరికిన గ్లాసుతో తాగి వీధిలోకి పరిగెత్తడమే. రేపు స్కూల్లో నీలం గ్లాసు ఎవరిస్తారు? మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అనలేదు.

ఎంవీపీ టీచరమ్మ:
తాతయ్య గారూ, ఈ వయసు పిల్లలతోనే పొద్దుపోయే ఉద్యోగం నాది, మాంటిస్సోరి బడి. మీరన్న మొక్క సామెతే తీసుకుందాం. మొక్కకి ముందు వేరు పట్టాలి కదా, రోజుకోసారి పీకి చోటు మారిస్తే వంగడం మాట దేవుడెరుగు, ఎండిపోతుంది.

ఈ బడి పద్ధతి మొదలుపెట్టిన ఇటలీ డాక్టర్ మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేద కార్మికులుండే పేటలో తన మొదటి బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లోపు పిల్లలకి క్రమం మీద ఒక ప్రత్యేకమైన పట్టు ఉంటుందని ఆవిడ పదే పదే చెప్పేవారు. ఆవిడ చెప్పిన సంగతే ఒకటుంది. నేపుల్స్ దగ్గర కొందరు నడిచి వెళుతున్నారు, అందులో ఒకావిడ వెంట ఏడాదిన్నర పిల్లాడు. ఎండకి ఆవిడ కోటు విప్పి చేతి మీద వేసుకుంది. పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు, ఎత్తుకున్నా ఆపడు, బుజ్జగించినా ఆపడు. చివరికి మాంటిస్సోరి "మీరు కోటు తొడుక్కోండి" అన్నారు. తొడుక్కోగానే ఏడుపు ఆగింది. కోటు ఉండాల్సింది భుజాల మీద కదా, వాడి గొడవ అదీ.

మీ పాప మొండితనం చేయడం లేదమ్మా. దానికి గడియారం చూడడం రాదు, "ఇంకో పావుగంట" అంటే అర్థం కాదు. దీని తర్వాత అది, దాని తర్వాత ఇంకోటి, ఇదొక్కటే దానికి తెలిసిన కాలం. మధ్యలో ఒక మెట్టు తీసేస్తే ఏం చేస్తుంది పాపం.

టైం అంటే టైం:
నేనైతే ఇంకో అడుగు ముందుకేస్తాను. వరస ఒక్కటే చాలదు, గడియారం కూడా కావాలి. మూడు, నాలుగేళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, పడుకునే వేళ, లేచే వేళ రోజూ ఒకేలా ఉండాలని కూడా అందులోనే ఉంది. మా ఇంట్లో ఎనిమిదిన్నరకి లైట్లు ఆపేస్తాం. పెళ్లి కానీ పేరంటం కానీ, ఏడున్నరకి బయల్దేరిపోతాం. బంధువులు మొహం మాడ్చుకుంటారు, అలవాటైపోయింది.

రుషికొండ నైట్ షిఫ్ట్:
చదవడానికి అంతా బాగుంది. ఈ రొటీన్ నడిపేదెవరో ఒక్కరూ రాయరేం? ఎనిమిదిన్నరకి లైట్లు ఆగాలంటే ఏడింటికి అన్నం పెట్టాలి, ఆరింటికి కుక్కర్ ఎక్కాలి, ఐదున్నరకి ఆఫీసు నుంచి ఇంటికి చేరాలి. ఎవరు చేరాలి? అమ్మే. నాకు సాయంత్రం ఏడింటికి లాగిన్. రొటీన్ తప్పితే పిల్లాడు పాడైపోతాడని చదివి చదివి ఆరు నెలలు టెన్షన్‌తో సరిగ్గా నిద్రపోలేదు నేను.

ఇంకోటి. పిల్లలందరూ ఒకటి కాదు. 1956లో న్యూయార్క్‌లో థామస్, చెస్ అనే ఇద్దరు డాక్టర్లు పిల్లల స్వభావాల మీద ఏళ్ల తరబడి సాగే పరిశీలన మొదలుపెట్టారు. ఆకలి, నిద్ర వేళకి వచ్చే పిల్లలు కొందరైతే, ఏ రోజుకారోజే అన్నట్టుండే పిల్లలు కొందరని, అది పుట్టుకతో వచ్చే తేడా అని వాళ్లు రాశారు. మా పెద్దాడు గడియారం ముల్లు. చిన్నది మాత్రం గాలిపటం, ఏ వేళకి పడుకోబెట్టినా దానికి నిద్ర వచ్చినప్పుడే వస్తుంది. అమ్మ ఒకతే, వంట ఒకటే, ఇల్లొకటే.

సీ షిఫ్ట్ నాన్న:
అక్క చెప్పింది నిజమే. నాది స్టీల్ ప్లాంట్. ఒక వారం పొద్దున్న ఆరుకి, ఒక వారం మధ్యాహ్నం రెండుకి, ఒక వారం రాత్రి పదికి డ్యూటీ ఎక్కుతాను. గడియారం పట్టుకుని పిల్లాణ్ని పెంచాలంటే గాజువాకలో సగం మంది చేతులెత్తేయాలి.

మేం చేసేది చెప్తాను. వాడికి నేనొచ్చే టైం తెలీదు, వచ్చాక ఏం జరుగుతుందో మాత్రం తెలుసు. హెల్మెట్ మేకుకి తగిలిస్తాను, క్యారేజీ వాడి చేతికిస్తాను, వాడు తీసుకెళ్లి సింకు దగ్గర పెడతాడు, నేను స్నానం చేసి వచ్చాక ఇద్దరం బాల్కనీలో కూర్చుంటాం. పొద్దున్న ఆరున్నరకైనా, మధ్యాహ్నం రెండున్నరకైనా ఇదే. రాత్రి పదిన్నరకి వస్తే వాడు నిద్రలో ఉంటాడు, అప్పుడు క్యారేజీ గట్టు మీద వదిలేస్తాను, పొద్దున్న లేచి వాడే సింకు దగ్గరికి మోస్తాడు. ఒకసారి మా ఆవిడ తొందర్లో కడిగేసింది. ఇక చూడండి.

మధురవాడ అమ్మగారూ, ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. దీపం ఆర్పకూడదని మీ అత్తగారు పట్టుబట్టారు. ఆవిడకి ఆ పద్ధతి ఎంతో, ఆ పిల్లకి గంట అంతే కదండీ. పద్ధతి తప్పిందని ఇద్దరూ బాధపడ్డారు, ఒకరిది ఆచారం అయింది, ఇంకొకరిది మొండితనం అయింది.

అజ్ఞాత సభ్యుడు:
చెప్పులు, గ్లాసు, వరస... ఎందుకైనా మంచిది, ఆటిజం టెస్ట్ చేయించండి.

ఎంవీపీ టీచరమ్మ:
ఒక తల్లిని ఒక్క లైనుతో భయపెట్టకండి బాబూ. గ్లాసు మారితే ఏడ్చే పిల్లలు మా బడిలో ప్రతి ఏడాదీ ఉంటారు. పేరు పిలిస్తే తిరుగుతోందా, కళ్లలోకి చూస్తోందా, వేలు పెట్టి చూపిస్తోందా, బొమ్మకి అన్నం పెట్టే ఆటలు ఆడుతోందా, మాటలు పెరుగుతున్నాయా, ఇవన్నీ కలిపి చూడాలి. వాటిలో తేడా అనిపిస్తే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. "మళ్లీ పెట్టు" అని అడుగుతూ, నాన్నమ్మ పక్కన కూర్చుని వత్తులు చూసే పిల్లకి గ్లాసు ఒక్కటే చూసి జబ్బు అంటగట్టకూడదు.

పెదవాల్తేరు:
నాకు మన వైజాగ్‌ని కొట్టిన హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మా వాడికి అప్పుడు రెండేళ్లు. హాల్లో కిటికీ అద్దం పగిలి లోపలికి పడింది, వీధిలో చెట్టనేది మిగల్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, పాల ప్యాకెట్ కోసం క్యూలు. వాడి మంచం ఉన్న గది తడిసిపోతే అందరం వంటింట్లో పడుకున్నాం. వాడి పద్ధతుల్లో ఒక్కటీ మిగల్లేదు, ఒక్క రాత్రిపూటది తప్ప. కాళ్లు కడగడం, మెడకి పౌడర్, కాకి-పిచ్చుక కథ. నీళ్లెక్కడివి, అరమగ్గు నీళ్లతో గుడ్డ తడిపి పాదాలు తుడిచేదాన్ని. కొవ్వొత్తి వెలుగులో వాడే పాదం ముందుకి చాపేవాడు, ఒకటి అయ్యాక రెండోది. పాలు లేకుండా బిస్కెట్ తిన్నాడు, చీకట్లో ఉన్నాడు, ఆ గాలి శబ్దం తలుచుకుని మేమే వణికేవాళ్లం, వాడు మాత్రం కథ అవ్వగానే పడుకునేవాడు. నాకప్పుడు మాంటిస్సోరి ఎవరో కూడా తెలీదు.

డాబాగార్డెన్స్ తాతయ్య:
ఇవన్నీ చదివాక మా నాన్న పీట గుర్తొచ్చింది. ఆయన పీట మీద ఇంకొకరు కూర్చునే పనే లేదు. ఆయన కూర్చున్నాకే కంచాలు పెట్టేవారు, ఆయన లేచాకే అమ్మ తినేది. గ్లాసులకి వరస లేదన్నాను గానీ మిగతా అన్నింటికీ ఉండేదనుకుంటా. పొద్దున్న చద్దన్నం, సాయంత్రం దీపం, రాత్రి ఆరుబయట నులకమంచాలు వేసే వరస, ఎవరూ తప్పేవారు కాదు, కాబట్టి రొటీన్ అని పేరు పెట్టే అవసరం రాలేదు. సరే, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ అమ్మా, ఏడిచినంత మాత్రాన దీపం ఆర్పొద్దు. అది కూడా నేర్చుకోవాలి.

రుషికొండ నైట్ షిఫ్ట్:
తాతయ్య గారూ, ఆ పీట వేసిందెవరో కూడా రాయండి. 😀

సీ షిఫ్ట్ నాన్న అన్న క్యారేజీ మాత్రం నాకు పనికొచ్చేలా ఉంది. నేను లాగిన్ అయ్యే ముందు పెద్దాడు తలుపు వేసి, చిన్నది టాటా చెప్పాలి అని పెట్టి చూస్తాను. దానికి వంట అక్కర్లేదు.

టైం అంటే టైం:
వరస వరసే, ఒప్పుకున్నాను. నిద్ర దగ్గర మాత్రం నేను తగ్గను. పదకొండింటికి పడుకుని పొద్దున్నే బడికి లేవాల్సిన పిల్లకి మీ వరస ఏం చేస్తుంది?

మధురవాడ అమ్మ:
అందరికీ థాంక్స్. తాతయ్య గారూ, దీపం ఆర్పలేదండి, ఆర్పనివ్వను కూడా. చెప్పుల అర, నీలం గ్లాసు దాని ఇష్టానికే వదిలేశాను, వాటివల్ల మా కొంప మునిగేదేమీ లేదు. ఊరెళితే గ్లాసు సంచీలో పెట్టుకెళ్తాను. చుట్టాలొచ్చిన రోజు పడుకోబెట్టేటప్పుడే "ఈరోజు దీపం ముందే పెట్టేస్తాం" అని చెప్పమని టీచర్ గారు నాకు విడిగా రాశారు, అది ఇంకా చేసి చూడలేదు.

సీ షిఫ్ట్ నాన్న గారి మాట మా అత్తగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, చాట తీసుకుని వెళ్లి బియ్యం ఏరుకున్నారు. నిన్న పిల్ల మళ్లీ ఆలస్యంగా పడుకుంది, చీకటి పడినా లేవలేదు. దేవుడి దగ్గరికి వెళ్లి చూద్దును కదా, ఒక కుందిలోనే దీపం వెలుగుతోంది, రెండోదాంట్లో వత్తి వేసి ఉంది, వెలిగించలేదు, గంట పక్కనే ఉంది. ఇదేంటత్తయ్యా అంటే నూనె అయిపోయిందన్నారు. నూనె సీసా నిండుగా అక్కడే ఉంది.