పెన్నులు, కాగితాలతో పిల్లలంతా కలిసి ఆడే ఆటలు చెప్తారా?

మేం బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. సాయంత్రం వాన పట్టుకుందంటే మా ఫ్లోర్ పిల్లలంతా మా హాల్లోనే. 6 నుంచి 11 ఏళ్ళ లోపు వాళ్ళు ఓ పదిమంది. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చదవడం రాదు, కాబట్టి చీటీల మీద బొమ్మలే గీస్తున్నా.

రాజు, రాణి, దొంగ, పోలీసు ఆట బాగానే నడిచింది. చిక్కల్లా చిన్నవాళ్ళతోనే. దొంగ చీటీ వస్తే మొహంలో తెలిసిపోతుంది! తర్వాత బుక్ క్రికెట్ నేర్పాను. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీ నంబరులో చివరి అంకె ఎంతో అన్ని పరుగులు, సున్నా వస్తే ఔట్. ఎడమవైపు ఎప్పుడూ సరిసంఖ్యే కదా, 8 వస్తే ఎన్ని పరుగులివ్వాలని రోజూ గొడవ. పైగా ఇద్దరు ఆడుతుంటే మిగతావాళ్ళు ఖాళీ. పెన్నుతో పెన్నును కొట్టి బల్ల మీంచి తోసేసే పెన్ ఫైట్ మాత్రం మానిపించాను, క్యాపులన్నీ సోఫా కిందికే పోతున్నాయి.

స్కేళ్ళు, రబ్బర్లు, పాత నోటుబుక్కులు, రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి. వీటితో అందరూ ఒకేసారి, జట్లుగా ఆడేవి ఏమున్నాయి? ఔటైనవాళ్ళు మూల కూర్చునే ఆటలు వద్దు. గెంతులాటలు అసలే వద్దు, కింది ఫ్లోర్ ఆంటీ ఇప్పటికే ఒకసారి పైకొచ్చి వెళ్ళారు.