ఈ పాత ఫోటో ఏ కాలానిదో చెప్పగలరా?

మా అమ్మమ్మ పుట్టింటి పెట్టెలో దొరికిన దంపతుల ఫోటో ఇది. దళసరి అట్ట, సుమారు 4¼ × 6½ అంగుళాలు, అంటే క్యాబినెట్ కార్డు (ఆ రోజుల్లో స్టూడియోలు ఫోటో అతికించి ఇచ్చే అట్ట) కొలతే. అంచులు ఏటవాలుగా కోసి బంగారు పూత పూశారు. కింద ‘సికింద్రాబాద్’ అన్న మాట తప్ప స్టూడియో పేరు చెరిగిపోయింది. ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ స్టూడియో 1880లలోనే అక్కడ ఉండేది. అయినా ఊరి పేరు ఒక్కటే చూసి ఆయనదనుకోవడం తొందరపాటు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది ఆవిడ రవికె. చేతులు భుజాల దగ్గర బాగా ఉబ్బి, మోచేతి కింద బిగుతుగా ఉన్నాయి. ఇంగ్లండులో ఈ తీరు 1895 ప్రాంతంలో జోరుగా సాగింది. మన ఇళ్లలోకి ఎన్నేళ్లకు వచ్చి ఉంటుంది? ఆయనది తలపాగా, మెడదాకా బొత్తాలున్న కోటు, పంచె.

సికింద్రాబాద్ స్టూడియోల పాత అట్టలు మీ ఇళ్లలో ఉంటే, అంచులు, వెనుక ముద్రలు ఎలా ఉన్నాయో దయచేసి చెప్పండి. వీరెవరో గుర్తించాలంటే ముందు ఏ దశాబ్దమో తేలాలి.